తళతళలాడిన రేకు

బండి ముందు చక్రం నిలిచే చోట గచ్చు మీద నూనె చుక్కలున్నాయి. బండి మాత్రం లేదు.

బంతిపూలు కొనుక్కుని అప్పుడే బజారు నుంచి వచ్చిన యాదగిరి చేతి సంచీ జారవిడిచాడు. తమ్ముడు ప్రేమ్ కుమార్ బండికి నిన్న సాయంత్రం ముందు చక్రం డిస్క్ బ్రేకు ప్యాడ్లు మార్చింది తనే. ఆ పనయ్యాక చైన్‌కు నూనె కొట్టాడు. అది ప్యాడ్లు ఒరిసి పట్టే డిస్క్ మీద చిందిందా? నూనె అంటితే ప్యాడ్లు జారిపోతాయి, బండి ఆగదు.

ప్రేమ్ కుమార్‌కు దసరా నాడు కూడా కోదాడ దవాఖానలో డ్యూటీ. సూర్యాపేట గల్లీల్లో వెనక బ్రేకుతో నెట్టుకొస్తాడు. హైవే ఎక్కాక ఎనభైకి తగ్గడు.

ఫోన్ చేశాడు. రింగవుతోంది, ఎత్తడం లేదు. తొమ్మిదిసార్లు చేశాడు. వెంటపడదామంటే ఇంట్లో ఇంకో బండి లేదు. మునగాల దగ్గర రోడ్డు పక్కన చాయ్ హోటల్ నడిపే ఫకీరా గుర్తొచ్చాడు. ఎర్ర హెల్మెట్‌తో వచ్చే తమ్ముడిని ఎలాగైనా ఆపమని ఫోన్‌లో బతిమాలాడు.

కాసేపటికి ఫకీరా ఫోన్. "రెండు చేతులు ఊపిన అన్నా. పండుగ పూట పలకరిస్తున్న అనుకున్నడేమో, హారన్ కొట్టి చెయ్యూపి పోయిండు."

యాదగిరి గడపలో కూలబడ్డాడు. మెకానిక్‌కు ఇవ్వమంటే విన్నావా అని భార్య సరళ నిలదీసింది. తండ్రి గురవయ్య మంచం మీద కూర్చుని నేల చూస్తున్నాడు.

మళ్లీ ఫోన్ మోగింది. తమ్ముడి నంబరే, గొంతు ఎవరిదో. ట్రాక్టర్ ట్రాలీని గుద్దాడట. మాట్లాడుతున్నాడు, కాలు రెండు చోట్ల విరిగింది, అంబులెన్స్ ఎక్కిస్తున్నారు.

"నా చేతులతో నేనే వాని కాలు ఇరగ్గొట్టిన," అన్నాడు యాదగిరి.

"నువ్వు గాదు బిడ్డా," అన్నాడు గురవయ్య తలెత్తకుండా. "పొద్దుగాల పూజకని బండి కడిగిన. కడిగినంక ముందు చక్రానికుండే ఆ గుండ్రటి రేకు మీద ఎర్రగ తుప్పు కనవడ్డది. దసరాకు నాగలి కర్రుకు, కొడవలికి నూనె రాస్తం గదా, గట్లనే రాసిన. రెండు దిక్కుల, తళతళ మెరిసేదాక రాసిన. నువ్వు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే అప్పుడు సమజైంది. చెప్పనీకె నోరు రాలే. నేనే రాసిన."