ఉడికిన గింజ

"మా సిన్నమ్మి రాత్రి ఉడికిన గింజ ముట్టదు. మా తమ్ముడు పోనకాడి నుంచీ అంతే."

చిన్నమ్మి ఆడపడుచు పెద్దతల్లి ఈ మాట అందరి దగ్గరా అంటుంది. సుమ్మాదేవి స్టేషన్లో రైలు కోసం నిలబడ్డవాళ్ళతో అంటుంది, పేరంటాల్లో అంటుంది, చివరికి ఆరోగ్య కేంద్రంలో చిన్నమ్మి కుడిచేతి వేలి కట్టు విప్పుతున్న నర్సుతో కూడా అంది. తమ్ముడి పెళ్ళాం గురించి అలా చెప్పేటప్పుడు ఆమె గొంతు నిండా గర్వం ఉంటుంది. చిన్నమ్మి తల దించుకుంటుంది. చూసినవాళ్ళు అది అణకువ అనుకుంటారు.

నర్సు మాత్రం మెచ్చుకోలేదు. "గింజ ముట్టకపోతే రాత్రి మరేటి తింటావమ్మా?"

"పలారం," అంది చిన్నమ్మి.

"ఏటి పలారం?"

"అటుకులు నానేసుకుంటాను. పాలు, పంచదార. అరటిపండు. ఉంటే రెండు బిస్కెట్లు."

"పంచదార ఎంతేటి?"

చిన్నమ్మి సిగ్గుపడింది. "తియ్యగుండాలి కదమ్మా."

నర్సు ఆ వేలిని వెలుతురుకు తిప్పి చూసింది. పలాస షెడ్డులో జీడిపిక్కలు కొట్టేటప్పుడు తొక్కలోంచి చిమ్మిన నూనె పడి కాలిన పుండు అది. ఆ పనిలో అందరికీ కాలుతుంది, అందరికీ మానుతుంది. చిన్నమ్మిది మాత్రం నెలలు గడిచినా పచ్చిగానే ఉంది.

"నీది ఉపాసం కాదమ్మా. రోజూ రాత్రి పంచదార తింటన్నావు. ఒంట్లో షుగరు ఇలగుంటే పుండు మానదు. ఇలగే వొదిలీస్తే పెద్దాసుపత్రిలో వేలు తీసీమంటారు. మాత్రలిత్తన్నాను, ఏసుకో. పంచదార, బిస్కెట్లు, షెడ్డులో ఇచ్చే పాకంలాటి టీ మానీ. సోడి సంకటి వొండుకో, ఉలవలు ఉడకబెట్టుకో, ఆకుకూర తిను. మాత్ర ఏసుకుని తిండి ఆలీసం సెయ్యకు, పడిపోతావు."

"రాత్రి ఉడికింది తినకూడదమ్మా అది," అని చిన్నమ్మి బదులు పెద్దతల్లే జవాబు చెప్పింది.

ఇంటికి వచ్చే దారంతా చిన్నమ్మి ఆ వేలినే చూసుకుంది. తుఫానుకు కొబ్బరిచెట్లు కూలిపోయాక ఇంట్లోకి వచ్చిన మొదటి జీతం ఆ వేలిది. అది లేకపోతే పిక్క పట్టుకోలేదు. పిక్క పట్టుకోలేనిదాన్ని షెడ్డులో ఎవరుంచుకుంటారు? అయినా వేలు పోతుందన్న మాటకంటే, మాత్ర వేసుకుని తిండి ఆలస్యం చెయ్యకన్న మాటే లోపల గుచ్చుకుంది. మొగుడు బంగారయ్య అలాగే పోయాడు. ఆ సాయంత్రం షెడ్డు నుంచి తను వచ్చే రైలు ఆలస్యమైంది. ఆమె ఇల్లు చేరేసరికి అతను పీట పక్కన ఒరిగిపోయి ఉన్నాడు, ముందు ఖాళీ కంచం. షుగరు మాత్ర మాత్రం వేళకి వేసుకున్నాడు. ఆటోలో పలాస తీసుకెళ్ళేలోపే అయిపోయింది. దినాలు జరుగుతుండగా పెద్దతల్లి, "అన్నం కోసం ఎదురుసూసి ఎదురుసూసి పోనాడు మా తమ్ముడు," అని ఏడ్చింది. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది. ఆ ఇంట్లో అత్తగారు కూడా మొగుడు పోయాక రాత్రిళ్ళు ఉడికిన గింజ ముట్టలేదు. చిన్నమ్మిని ఎవరూ బలవంతపెట్టలేదు, తనే మానేసింది. పెద్దతల్లి అటుకులూ పంచదారా తెచ్చిచ్చి, "అన్నం ఎలాగూ నేదు, తీపైనా తినే," అంది. అది ప్రేమే. చిన్నమ్మి కాదనలేదు.

ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటుంది. ఆ తీపి ఆమెకు బాగుండేది. మధ్యాహ్నం పొగలో, మసిలో కూర్చుని పిక్కలు కొడుతుంటే ఆ అటుకుల గిన్నె గుర్తొచ్చేది. రోజు మొత్తంలో ఇంకొకరు తినగా మిగిలింది కాకుండా, ఆమె కోసమే ఉన్నది అదొక్కటే. శిక్ష అనుకుని మొదలుపెట్టినదాని కోసం ఎదురుచూస్తున్నానే అని చెంచా నాకుతూనే కుమిలిపోయేది. మొగుడికి వేళకి ముద్ద పెట్టలేనిదానికి ఈ రుచెందుకు అనుకునేది. అనుకుంటూనే ఇంకో చెంచా పంచదార వేసుకునేది.

మర్నాడు కొడుకు త్రినాథూ కోడలు వసంతా టెక్కలిలో పెళ్ళికి వెళ్ళారు. ఇంట్లో ఎవరూ లేని రోజు కాబట్టే ధైర్యం చేసింది. పొద్దున్నే నానబోసిన ఉలవలు సాయంత్రం ఉడకబెట్టింది. ఎడం చేత్తోనే సంకటి కలియబెట్టింది, తోటకూర వేయించింది. మాత్ర వేసుకుంది. అన్నీ పక్కన పెట్టుకుని కంచం ముందు కూర్చుంది. కూర్చుందే గాని చెయ్యి కదల్లేదు.

అప్పుడే పెద్దతల్లి పాలకోవా పొట్లంతో లోపలికి వచ్చింది.

"ఈ వాసనేటి సిన్నమ్మీ?"

"ఉలవలు వదినా."

"ఎవలికి? గుంటలు పెళ్ళికెల్లారు కదా."

"నాకే."

పెద్దతల్లి గుమ్మంలోనే చతికిలపడింది. "ఆ నర్సుపిల్ల సెప్పిందని మొగుణ్ణి మరిసిపోతావేటి? మెళ్ళో పుస్తెలే నేవు దానికి. మొగుడంటే ఏటో దానికేటి తెలుసు? మా అమ్మ సచ్చినంతవరకూ ముట్టనేదు."

"మీ అమ్మకి ఆకర్న కళ్ళు కనబడనేదు వదినా. సెయ్యట్టుకుని దొడ్డికి తీసుకెల్లింది నేనే."

"అది వయసు."

"ఏమో మరి."

"సిన్నమ్మీ, ఆడు ఆకలితో పోనాడే. ఎదురుసూసి పోనాడు."

చిన్నమ్మి కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. ఎప్పుడూ ఆ మాట దగ్గరే ఆమె ఓడిపోతుంది. ఈసారీ లేచి అన్నీ తీసేద్దామని గిన్నె మీది మూత సరిచెయ్యబోయింది. ఎడం చెయ్యి తగలగానే మూత పక్కకి జారి ఆవిరి లేచింది. మూత ఎంత తేలిగ్గా ఉందో. రోజూ తీసే మూతే, ఆ తేలికదనం ఎప్పుడూ పట్టించుకోలేదు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఆమె రైలు గురించే ఆలోచించింది. ఇంకో బండికి రావలసింది, ముందుగా లేచి రావలసింది, అసలు పనికి వెళ్ళకుండా ఉండవలసింది. ఈ మూత గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"వదినా, నాను పొద్దున్నే అన్నం వొండీసే ఎల్లాను ఆ రోజు," అంది మెల్లగా. "బచ్చలికూర పులుసు కూడా. గిన్నె మీ తమ్ముడి మోకాలి పక్కనే ఉంది. ఆయన మూత తియ్యనేదు."

"మగోడు, ఆడికేటి..." అని మొదలుపెట్టి పెద్దతల్లి ఆగిపోయింది.

ఆమె ఒళ్ళో ఫోను మోగింది. ఎత్తగానే మొగుడి గొంతు బయటికే వినిపించింది. "ఎక్కడున్నావే? మాత్రేసుకున్నాను. అన్నమెట్టవా?"

"వొత్తన్నాను," అంది పెద్దతల్లి. లేచి, చిన్నమ్మి మొహం చూడకుండా వెళ్ళిపోయింది. పాలకోవా పొట్లం గుమ్మంలోనే ఉండిపోయింది. నొప్పుల మోకాళ్ళతో అంత వేగంగా ఆమె నడవడం చిన్నమ్మి ఎన్నడూ చూడలేదు. అది కోపమో, భయమో తెలియలేదు.

చిన్నమ్మి ఎడం చేత్తో చెంచా పట్టుకుంది. మొదటి ముద్ద పెట్టుకుంది. దొంగతనంగా తింటున్నట్టుంది. బంగారయ్య మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. పాపం, ఆకలేసి ఉంటుంది అనే అనిపించింది. ఆకలి వేసిన మనిషి పక్కనున్న మూత తీసుకోలేకపోయాడని ఇంకా ఎక్కువ జాలేసింది. నీళ్ళు తాగి రెండో ముద్ద పెట్టుకుంది. తప్పు చేస్తున్నట్టే ఉంది. రేపూ అలాగే ఉంటుందని ఆమెకు తెలుసు. ఈ బాధ తీరాక తిందామనుకుంటే వేలు అంతవరకూ ఆగదు.

కంచం కడిగి బోర్లించింది. డబ్బాలోంచి ఉలవలు తీసి, రేపటికి నానబోసింది.