ఎవరి పోలిక

కొత్త చొక్కా కాలరు వెనక కుట్టిన లేబుల్‌ని గుడ్డ చిరక్కుండా ఊడదీయడం కూడా ఒక విద్యేనని పెళ్ళయ్యాకే నాకు తెలిసింది. వరండాలో ఎండ పడేచోట పీట వేసుకుని కూర్చోవాలి. బ్లేడు పనికిరాదు, మొన సన్నగా ఉన్న చిన్న కత్తెర కావాలి. ఒక్కొక్క కుట్టూ తెంపి, మిగిలిన దారప్పోగులు కూడా వేలికి తగలకుండా లాగెయ్యాలి. ఒక్క పోగు మిగిలినా మామయ్యగారు ఆ చొక్కా తొడుక్కోరు. "మీ మామయ్యకి మెడ మీద ఏదీ గుచ్చుకోకూడదమ్మా" అంటూ అత్తయ్య ఆ కత్తెర నా చేతికిచ్చినప్పుడు, తరతరాల నగ ఏదో అందుకున్నట్టు మురిసిపోయాను.

మురిసిపోవడానికి నాకు పెద్ద కారణాలు అక్కర్లేదు. పెళ్ళి కొత్త ఇంకా వదల్లేదు. కిటికీకి నేను కొన్న పసుప్పచ్చ తెర గాలికి ఉబ్బితే ఆనందం. మా ఆయన తువ్వాలూ నా తువ్వాలూ ఒకే తీగ మీద ఆరుతుంటే ఆనందం. ఆయన రోజూ తాళాలు ఎక్కడో పారేసుకుంటే, వెతికిపెట్టి, కూలీగా ఓ ముద్దు పుచ్చుకోవడం ఇంకో ఆనందం. సగం తాగి వదిలేసిన కాఫీ కప్పులు పుస్తకాల అలమారలోనూ, స్నానాలగదిలోనూ, ఒకసారి చెప్పుల అరలోనూ దొరికాయి. "వాడంతేనమ్మా, బుర్రలో ఎప్పుడూ ఏదో ఒకటి తిరుగుతూ ఉంటుంది. మేధావి" అనేవారు అత్తయ్య. మేధావి పెళ్ళాన్ని కదా అని, ఆ కప్పులు తోముతూ కూనిరాగాలు తీసేదాన్ని.

ఆ ఇంటి పద్ధతులన్నీ అత్తయ్య నాకు ఓపిగ్గా నేర్పారు. మామయ్యగారు నడకకి వెళ్ళాకే మిక్సీ వెయ్యాలి, ఆ చప్పుడు చెవిన పడితే ఆయనకి ఆ పూటంతా పాడే. పళ్ళెంలో ఒక కూర ఇంకో కూరని తాకకూడదు. ఆయన పళ్ళెం నీలం అంచుది, అది కనబడకపోతే ఆ రోజు భోజనం లేదు. చెప్పకుండా ఎవరైనా ఇంటికొస్తే ఆయన గదిలోకి పోయి తలుపేసుకుంటారు, అప్పుడు మనం నవ్వు మొహం పెట్టి "ఒంట్లో కాస్త నలతగా ఉంది" అనాలి. వింటూ, ప్రేమంటే ఇదీ అనుకున్నాను. ఒక మనిషికి ఏది గుచ్చుకుంటుందో, ఏది గుచ్చుకోదో ఇంటిల్లిపాదికీ కంఠతా ఉండటం కంటే ప్రేమ ఇంకేముంటుంది?

ఆ ఇంట్లోనే గువ్వ ఉంది. మా బావగారి కూతురు, ఇంకా బడికి వెళ్ళని పిల్ల. సంతోషం వస్తే రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తుంది కాబట్టి వాళ్ళమ్మ గువ్వ అని పిలుస్తుంది. మాటలు తక్కువ. సీసా మూతలు రంగుల వారీగా వరసపెట్టి, వాటి పక్కన బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, ఆ వరసని గంటలకొద్దీ చూసుకుంటుంది. మామయ్యగారి కుర్చీ పక్కనే దాని చోటు. తాతా మనవరాలూ ఒక్క మాటైనా అనుకోకుండా పూటలు పూటలు హాయిగా గడిపేస్తారు. ఈమధ్యే ఆసుపత్రిలో ఆటిజం అన్నారు.

అన్న దగ్గర్నుంచీ ఇంట్లో ఒకటే దర్యాప్తు. నేరస్థురాలు మాత్రం ముందే దొరికిపోయింది. గువ్వ వాళ్ళమ్మ, నా తోటికోడలు. నేను అక్కా అంటాను. ఊరి నీళ్ళు తాగడానికి పనికొస్తాయో లేదో పరీక్షించే ప్రయోగశాలలో ఆమె ఉద్యోగం. "కడుపుతో ఉండి ఆ మందుల వాసనలన్నీ పీల్చావు." "పిల్లకి ఊహ తెలియకుండానే ఆఫీసుకి పరిగెత్తావు." "నీ చేతిలో ఎప్పుడు చూసినా ఆ ఫోనేగా." "నొప్పులు పడి కనుంటే ఇంత దూరం వచ్చేది కాదు." చూడటానికొచ్చిన చుట్టాలు తలా ఒక కారణం చేతిలో పెట్టి వెళ్ళేవాళ్ళు. బావగారైతే ఒక్క ముక్కలో తేల్చేశారు. "పెంపకంలో తేడా." ఆదివారం తప్ప పిల్ల మేలుకుని ఉండగా మొహం చూడని మనిషి, పెంపకం గురించి!

ఒకరోజు నేను వరండాలో మామయ్యగారి చొక్కా పని చూస్తున్నాను. అక్క నా పక్కనే చతికిలబడి గువ్వ గౌను లేబుల్ ఊడదీస్తోంది. అంతకుముందే ఆ గౌను వేసుకుని పిల్ల మెడ రక్కేసుకుని, ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూశారు.

"అదిగో, అది నోరు తెరిస్తే చాలు, చెప్పినట్టల్లా ఆడతావు. మొండితనం ఊరికే వస్తుందా? ఇదిగో, ఇలాగే వస్తుంది."

అక్క తలెత్తలేదు. నేను మాత్రం నా ఒళ్ళోకి చూసుకున్నాను. ఒళ్ళో మామయ్యగారి చొక్కా ఉంది. చేతిలో అత్తయ్య ఇచ్చిన కత్తెర ఉంది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నదాన్ని నేనే అనిపించింది. ఇన్నాళ్ళూ అత్తయ్య దగ్గర నేను నేర్చుకున్న పాఠాలూ ఇవే కదా? అరవై దాటిన మనిషి మెడకి గుచ్చుకుంటే అది పద్ధతి. పాలపళ్ళ పిల్ల మెడకి గుచ్చుకుంటే అది పొగరు, దాని వెనక ఒక చేతకాని తల్లి.

ఆ వారమే ఇంట్లో తీర్మానం జరిగిపోయింది. అక్క ఉద్యోగం మానెయ్యాలి, పిల్లని రోజూ శిక్షణ కేంద్రానికి తిప్పాలి. "నెలాఖరుకి రాజీనామా ఇచ్చెయ్యి" అన్నారు బావగారు, రేపు గ్యాసు బుక్ చెయ్యి అన్నంత తేలిగ్గా. అక్క "సరే" అంది. ఆ "సరే" అన్నప్పుడు ఆమె మొహం చూసినవాళ్ళెవరూ ఆ పూట అన్నం తినగలిగేవాళ్ళు కాదు. నేను తప్ప అందరూ తిన్నారు, వాళ్ళెవరూ చూడలేదు కాబట్టి.

కేంద్రంలో మొదటి రోజు తండ్రి తప్పక రావాలన్నారు. బావగారికి మీటింగు. అక్కా, నేనూ, అత్తయ్యా వెళ్ళాం. గువ్వ బల్ల కింద దూరి అక్కడి రంగు పెన్సిళ్ళు వరసపెట్టుకుంటోంది. డాక్టరమ్మ వయసు నాకంటే పెద్ద ఎక్కువేం కాదు. కూర్చున్నారో లేదో, అత్తయ్య అసలు సంగతి అడిగేశారు.

"ఎందుకొచ్చిందమ్మా ఇది? తల్లి ఉద్యోగానికి పోబట్టేగా?"

"కాదండీ. తల్లి చేసిన పని వల్లా రాదు, చెయ్యని పని వల్లా రాదు. ఫోను వల్ల కాదు, టీకాల వల్ల కాదు, ముద్దు తక్కువై కాదు. పుట్టేసరికే మెదడు అల్లిక కొంచెం వేరుగా ఉంటుంది. ఒక్క కారణం అని వేలు పెట్టి చూపించలేం గానీ, ఎక్కువగా వంశంలోంచే వస్తుంది."

"వంశమంటే, వీళ్ళ అమ్మ వైపా?"

"ఎటు నుంచైనా రావచ్చు. రెండు వైపుల నుంచీ కూడా. అందుకే అడుగుతున్నాను. మీ ఇళ్ళలో చప్పుళ్ళు భరించలేనివాళ్ళు, అలవాటు మారితే తట్టుకోలేనివాళ్ళు, నలుగురిలో కలవలేనివాళ్ళు ఉన్నారా? లేదా కుదురు లేకుండా, పనులు సగంలో వదిలేస్తూ, వస్తువులు పారేసుకుంటూ ఉండేవాళ్ళు? దాన్ని ఏడీహెచ్‌డీ అంటాం. రెండూ ఒకే కుటుంబంలో కనిపించడం మామూలే."

అత్తయ్య కొంగు సర్దుకున్నారు. "మా వైపు అలాంటివాళ్ళు ఎవరూ లేరమ్మా. అందరూ లక్షణంగా ఉంటారు."

నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతు దాకా వచ్చి కోపమైపోయింది. పక్కన అక్క, అడగని నేరాన్ని కూడా ఒప్పుకున్నట్టు, చీర అంచు నలుపుకుంటూ కూర్చుంది. కొత్తకోడల్ని, నోరు మూసుకోవాలి. కానీ మూసుకోవడానికి నోటిలో చోటు లేదు, అంతా మాటలే.

"అత్తయ్యా, మిక్సీ ఎప్పుడు వేస్తామో చెప్పండి డాక్టరుగారికి. నీలం పళ్ళెం సంగతి చెప్పండి. చుట్టాలొస్తే తలుపేసుకోవడం గురించి చెప్పండి. పోనీ మా ఆయన తాళాల గురించైనా చెప్పండి."

"ఏమిటే ఆ మాటలు!" అత్తయ్య మొహం కందగడ్డయింది. "ఆయనకేం జబ్బు లేదు!"

"గువ్వకీ లేదత్తయ్యా."

డాక్టరమ్మ మెల్లిగా, "ఇవి ఉన్నంత మాత్రాన పెద్దాయనకి ఫలానా అని నేను పేరు పెట్టను. కానీ ఇంట్లో ఇంత బాగా అర్థం చేసుకునేవాళ్ళున్నారంటే పాప అదృష్టవంతురాలు" అంది. పాపం, ఆవిడ నిజంగానే మెచ్చుకుంది.

తిరుగు బస్సులో అత్తయ్య కిటికీ పక్కన కూర్చున్నారు. నా వైపు తిరక్కుండానే అన్నారు. "ఆ కత్తెర మా అత్తగారిది. పెళ్ళయిన వారానికే నా చేతిలో పెట్టింది. మావాడు ఇలా ఉంటాడు, ఇలా చూసుకో అంది. మీ మామయ్యకి మాటలు కూడా ఆలస్యంగానే వచ్చాయట."

"అప్పుడు ఆవిడ్ని ఎవరైనా ఏమైనా అన్నారా అత్తయ్యా? పెంపకం అనీ, అదనీ?"

"ఎందుకంటారే? మగపిల్లాడాయె. పట్టుదల మనిషి అన్నారు." అని, తన మాట తనకే ఎక్కడో తగిలినట్టు ఆగిపోయారు. ఎదుటి సీట్లో అక్క గువ్వని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అత్తయ్య ఆమె వైపు చూశారు, మళ్ళీ కిటికీ వైపు తిరిగారు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర బావగారే ఆ మాట కదిపారు. డాక్టరు చెప్పినవన్నీ విన్నారుట. "మంచిది. ఎవరి తప్పూ లేదన్నారుగా. అయితే ఉద్యోగం మానక్కర్లేదు." అక్క చేతిలో గరిటె ఆగింది. నా మనసు గంతులేసింది, అంత పని నేనే చేశానని. బావగారు మంచినీళ్ళు తాగి, నా వైపు చూసి నవ్వారు. "ఇంట్లో చిన్నకోడలు ఉండనే ఉంది. చదువుకున్న పిల్ల, అన్నీ ఇట్టే పట్టేస్తుంది. రోజూ పాపని తనే తీసుకెళ్తుంది."

"అవునన్నయ్యా, తనకి గువ్వంటే ప్రాణం" అన్నాడు మా ఆయన, నన్ను ఆకాశానికెత్తుతున్నానన్న సంబరంతో.

రేపు సోమవారం నేను విత్తన పరీక్షా కేంద్రంలో చేరాలి. వృక్షశాస్త్రం చదివింది దానికోసమే. మొలకెత్తే గింజల్ని లెక్కపెట్టి జీతం పుచ్చుకునే ఉద్యోగం ఈ భూమ్మీద ఉందని తెలిసిన రోజు మంచం మీద ఎగిరి గంతేశాను. మా ఆయన కూడా నాతో గంతేశాడు. అదే మనిషి ఇప్పుడు నా సోమవారాన్ని ఒక్క పొగడ్తలో చుట్టి వాళ్ళన్నయ్యకి ఇచ్చేశాడు. ఎంత సులువు! ఒకామె నెత్తి మీది మూట దించడమంటే పక్కామె నెత్తి మీద పెట్టడమే. మూట పెట్టడానికి మగవాళ్ళ నెత్తి కూడా ఒకటి ఉందని, దానికీ మెడ ఉందని ఎవరికీ తట్టదు. అందరూ నా వైపే చూస్తున్నారు. అక్క మాత్రం చూడటం లేదు. ఆశ పడినందుకు సిగ్గుపడుతున్నట్టు వంచిన తల వంచినట్టే ఉంది. మంచిపిల్ల అనిపించుకోవడం నాకు చాలా ఇష్టం. నాలుక చివర "సరే" సిద్ధంగా ఉంది.

"ప్రాణమే బావగారూ," అన్నాను. "అందుకే దానికి నాన్న కూడా ఉండాలని నా ఆశ. సగం రోజులు మీరు తీసుకెళ్ళండి."

"నాకు ఆఫీసుంది కదమ్మా."

"అక్కకీ ఉంది. రేపటి నుంచి నాకూ ఉంది."

బావగారు తల్లి వైపు తిరిగారు. "చూశావా అమ్మా? నువ్వైనా చెప్పు."

అత్తయ్య పళ్ళెంలోంచి కళ్ళెత్తలేదు. "నన్నెందుకురా అడుగుతావు? నీ కూతురు."

మామయ్యగారు ఏమీ విననట్టే గువ్వ పళ్ళెంలో కూరని అన్నానికి దూరంగా జరుపుతున్నారు.

భోజనాలయ్యాక మా ఆయన గదిలోకొచ్చి చొక్కా మార్చుకుంటూ, "మా అన్నయ్యని అందరి ముందూ అలా అనేశావేంటి?" అన్నాడు. తిట్టలేదు. తిట్టడం ఆ మనిషికి చేతకాదు, అందుకే ఆయనంటే నాకు పిచ్చి.

"ఒక మాట అడగనా? రేపు మనకి గువ్వలాంటి పిల్ల పుడితే ఉద్యోగం మానేది ఎవరు?"

నవ్వేశాడు. "అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలేవే."

బుగ్గ మీద చిటికేసి బయటికెళ్ళబోయాడు. నేను అతనికంటే ముందు వెళ్ళి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను. నా మొహంలో నవ్వు ఇంకా పోలేదు.

"అప్పుడు కాదు. పిల్లలు కావాలో వద్దో నేను తేల్చుకోకముందే, ఇప్పుడే చెప్పు."