కారు కింద జల్లెడ

నేను ఒక పొగ జల్లెడను. పెట్రోలు కారు అడుగున, ఇంజనుకూ సైలెన్సరుకూ మధ్య గొట్టంలో బిగించి ఉంటాను. మెకానిక్కులు నన్ను కన్వర్టర్ అంటారు. మిగిలిన జనం ఏమీ అనరు, నేనొకదాన్ని ఉన్నానని వాళ్ళకు తెలియదు కాబట్టి. పైకి రెండు వైపులా మూతి ఉన్న ఇనప డబ్బాను. లోపల మాత్రం తేనెపట్టు లాంటి పింగాణీ గూడు, దానికి వేల కన్నాలు, ప్రతి కన్నానికీ బంగారం కన్నా అరుదైన లోహపు పూత. ఇంజను వదిలే విషపు పొగ ఆ కన్నాల్లోంచి పోతూ పోతూ విషం చాలావరకు విడిచి బయటపడుతుంది. అంటే, ఇంజను ఊపిరి బయటికి పోయే దారిని నేనే.

పుట్టింది ఒక పెద్ద కర్మాగారంలో. నాలాంటివి వందలు ఒకే వరసలో కదిలాయి. నన్ను బిగించిన ఆవిడ మరను గట్టిగా తిప్పి, చేత్తో ఒకసారి తట్టి, తర్వాతి దాని వైపు తిరిగింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నన్ను ఎవరూ ముట్టుకోలేదు.

మొదటి యజమాని విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగి. ఆదివారం వస్తే కారు కడిగి, తుడిచి, లోపల గంధపు బిళ్ళ వేలాడదీసేవాడు. తను కూర్చునే చోట సువాసన కావాలి. వెనక వదిలే పొగ సంగతి అతనికెప్పుడూ తోచలేదు. మనుషులకు తాము వదిలేసింది ఎటు పోతుందో పట్టదు. రెండో యజమాని శ్రీకాకుళంలో డ్రైవింగ్ నేర్పేవాడు. క్లచ్చు అనుకుని బ్రేకు తొక్కినవాళ్ళు, రెండూ ఒకేసారి తొక్కినవాళ్ళు, ఎదురుగా గేదె కనబడితే కళ్ళు మూసుకున్నవాళ్ళు, అందరూ ఈ కారు మీదే నేర్చుకున్నారు. నేర్చుకుని కొత్త కార్లు కొనుక్కున్నారు.

మూడో యజమాని బైపల్లి దండాసి. ఉద్దానంలో కవిటి పక్కన ఒక పల్లె అతనిది. జీడిపప్పు వ్యాను నడిపేవాడు. ఈ కారు కొన్నది మాత్రం షికారుకు కాదు, వాళ్ళ అప్ప, అంటే అక్క, దమయంతి కోసం. ఆమె మూత్రపిండాలు పాడయ్యాయి. ఆ పల్లెల్లో అది వింత సంగతి కాదు, వీధికొకరైనా అలాంటివాళ్ళు ఉంటారు. సోమవారం, గురువారం ఏడు గంటలకల్లా ఆమె పలాసలో డయాలసిస్ మంచం మీద ఉండాలి. నాలుగు గంటల పాటు యంత్రం ఆమె నెత్తురు కడుగుతుంది. ఆలస్యమైతే ఆ మంచం వెనకవాళ్ళది అయిపోతుంది, గంటలు తగ్గిపోతాయి.

కారు బ్యాటరీ ముసలిది. తెల్లవారుజామున తాళం తిప్పితే ఒక మూలుగు మూలిగి ఊరుకునేది. అప్పుడు వీధి కదిలేది. కొబ్బరితోటకు పోయేవాళ్ళు, పాలు పితికి వస్తున్నవాళ్ళు, పళ్ళు తోముకుంటున్నవాళ్ళు కూడా పుల్ల నోట్లో పెట్టుకునే వచ్చి కారు వెనక చేతులు వేసేవారు.

"దమయంతప్ప బండి! తొయ్యండ్రా, తొయ్యండి!"

"ఒరే దండాసీ, ఇది కారా, రథమా? వారానికి రెండు తిరునాళ్ళు పెట్టినావు!"

లోపల కూర్చున్న దమయంతి అద్దం దించి, "నన్నూ తోసీండ్రా, నా పని కూడా అయిపోతాది" అనేది. అందరూ నవ్వేవారు. కారు దగ్గి, ఊగి, చివరికి అందుకునేది.

ఇది ఏడాదిన్నర పాటు జరిగింది. అంత మంచి మనసున్న జనాన్ని నేను మరెక్కడా చూడలేదు. కానీ వాళ్ళు తోసిన ప్రతిసారీ ఇంజను అంటుకునే లోపల కాలని పెట్రోలు పచ్చిగా నా మీదికి వచ్చేది. ఇంజను అందుకోగానే ఆ పెట్రోలు నా కడుపులో భగ్గున మండేది. నా తేనెపట్టు కొంచెం కొంచెంగా కరిగింది. కరిగినచోట కన్నాలు మూసుకుపోయాయి. ఆ మంచితనమంతా నా లోపల గడ్డకట్టింది. ఈ సంగతి వాళ్ళకు చెప్పే నోరు నాకు లేదు.

ముందు కారుకు వేగం తగ్గింది. తర్వాత హైవే మీద ఎత్తు వస్తే ఆయాసపడింది. దండాసి ఎంత తొక్కితే అంత మొరాయించేది. నాలుగు మైళ్ళు బాగా పోయి, వేడెక్కాక చతికిలపడేది. ఒక సోమవారం రెండు చోట్ల ఆగిపోయి, పలాస చేరేసరికి తొమ్మిదయింది. ఆ రోజు దమయంతికి రెండు గంటలే దొరికాయి.

మంగళవారానికి ఆమె ముఖం ఉబ్బింది. పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసిందని దండాసి కంచిలి షెడ్డులో మెకానిక్కు కూర్మారావుకు చెప్పాడు.

"మళ్ళీ గురువారం ఇలగే అయితే మా అప్ప నాకు దక్కదు. నీకు దండం పెడతాను, ఏటైనా సెయ్యి."

కూర్మారావు మంచి పనివాడే. అయితే అతని షెడ్డుకు వచ్చేవి ఎక్కువ ట్రాక్టర్లు, పాత ఆటోలు. వాటికి నాలాంటిది ఉండదు. పెట్రోలు ఫిల్టరు మార్చాడు. నేను లోలోపల గింజుకున్నాను. ప్లగ్గులు మార్చాడు. గాలి పీల్చే డబ్బా విప్పి దులిపాడు. పెట్రోలు పంపు మార్చాడు. అతను నా పక్కనే పడుకుని, నా మీద చెయ్యి ఆనించి లేచాడు కూడా! షెడ్డులో ఊరికే ఆడిస్తే ఇంజను చక్కగా ఆడింది. చల్లగా, నిదానంగా ఉన్నంతసేపు ఆ కాస్త పొగ నాలో మిగిలిన కన్నాలకు సరిపోతుంది. పరుగెత్తితేనే నా బండారం బయటపడుతుంది.

"ఇప్పుడు బాగున్నాది కదేటి?" అన్నాడు కూర్మారావు.

"ఇక్కడ బాగానే ఉంతాది. రోడ్డెక్కితే సస్తాది. గురువారం నువ్వు కూడా వచ్చీ. నీ కళ్ళతో సూద్దువు గాని."

గురువారం వచ్చింది. వీధి వచ్చి తోసింది. నాకు మరికొంత పెట్రోలు పోసింది. కూర్మారావు పనిముట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. దమయంతి ముందు సీట్లో, నాకు సరిగ్గా పైన. ఆమె ఊపిరి నాకు వినబడుతోంది. పీల్చడం బాగానే ఉంది, వదలడమే కష్టంగా ఉంది. నాదీ అదే పరిస్థితి.

హరిపురం ఇంకా రాలేదు. ఎత్తులో కారు మెల్లగా, ఇంకా మెల్లగా, మనిషి నడకలా అయి ఆగిపోయింది. ఆరు దాటింది. నా ఒళ్ళు ఎర్రగా కాలుతోంది. కోడిగుడ్డు కుళ్ళిన వాసన కారు చుట్టూ లేచింది.

కూర్మారావు ఇంజను మూత ఎత్తి పెట్రోలు వస్తోందా లేదా చూశాడు. వస్తోంది. నిప్పురవ్వ చూశాడు. ఉంది. గాలి చూశాడు. ఉంది. దండాసి రోడ్డు మధ్యకు పోయి చేతులు ఊపాడు. కిక్కిరిసిన ఆటోలు ఆగలేదు. లారీ ఒకటి ఆగింది గాని, దమయంతి అంత ఎత్తు ఎక్కలేకపోయింది. రెండు మెట్లు ఎక్కి, రొప్పుతూ దిగి, మళ్ళీ కారులో కూలబడింది.

"అన్నీ సరిగానే ఎల్తన్నాయి దండాసీ," అని కూర్మారావు తల గోక్కున్నాడు. "ఇంజనే పోనాదేమో."

దమయంతి మాట మాటకూ ఆగుతూ అంది: "లోపలికెల్లేవే సూస్తన్నావు బాబూ. బయటికెల్లేది సూసినావా?"

"ఇది మనిషి కాదు కదప్పా."

"నాకు కూడూ నీళ్ళూ లోపలికి బాగానే ఎల్తన్నాయి. బయటికి రాకే కదా ఇలగ ఉబ్బినాను. దాని ఎనకాల సెయ్యి పెట్టి సూడు. దానికి ఊపిరి వస్తన్నాదా?"

కూర్మారావు జేబులోంచి రుమాలు తీసి సైలెన్సరు మూతి ముందు వేలాడదీశాడు. "దండాసీ, బాగా తొక్కు!" అని అరిచాడు. అంత దూరం నడిచేసరికి బ్యాటరీకి కాస్త ప్రాణం వచ్చింది; దండాసి తాళం తిప్పి తొక్కాడు. రుమాలు ఎగరాలి. చివర అంచు మాత్రం చిన్నగా వణికింది.

"ఓలమ్మ!" అన్నాడు కూర్మారావు.

రోడ్డు పక్క కంకర మీదే వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగాడు. పానాతో నన్ను కొట్టాడు. లోపల విరిగిన పింగాణీ ముక్కలు గలగలమన్నాయి. నేను ఏడాదిన్నరగా చెప్పాలనుకున్న మాట ఆ గలగల. అతనికి అర్థమైంది.

నా ముందు కీలు దగ్గర మూడు బోల్టులు. రెండు లొంగాయి. మూడోది తుప్పు పట్టి కదలలేదు. అతని మణికట్టు నాకు తగిలి కాలింది, నేనేం చేయను! బూతు ఒకటి నోట్లోనే మింగి మళ్ళీ పట్టాడు. పైన దమయంతి ఊపిరి పిల్లికూతలా వస్తోంది. "అప్పా, ఇదిగో, అయిపోనాది, ఇదిగో" అంటున్న దండాసి గొంతులో నమ్మకం లేదు. విరుగు, విరుగు అని నేను ఆ బోల్టును బతిమాలాను. నేను బయటపడితే మళ్ళీ ఆ కారు కిందికి చేరను. అది తెలిసే బతిమాలాను.

బోల్టు విరిగింది. వెనక కీలు కూడా ఊడదీసి కూర్మారావు నన్ను కింద పడేశాడు.

దండాసి తాళం తిప్పగానే ఇంజను పులిలా గర్జించింది. ఇన్నాళ్ళూ బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి వదిలింది.

"అద్దాలు నాలుగూ దించీండి! పొగ లోపలికొస్తే ముప్పు. ఎల్లు, ఎల్లు!" అని కూర్మారావు అరిచాడు.

"మరి ఇదో?" అని దండాసి నన్ను చూపించాడు.

"నిప్పులా ఉన్నాది. పెట్రోలు టాంకు కాడ ఎలగ పెడతాం? ఇక్కడే ఉండనీ!"

అలా నన్ను కిలోమీటరు రాయి పక్కన వదిలేసి వెళ్ళిపోయారు. ఆ గర్జన చాలా దూరం వినబడి, తర్వాత ఆగింది. అది దూరం వల్ల ఆగిందా, కారే ఆగిపోయిందా? నాకు తెలియలేదు.

నేను టిక్కు టిక్కుమంటూ చల్లారాను. అంతవరకూ నాకు లెక్కలతో పని పడలేదు. ఆ రోజు మాత్రం ఎండను చూసి లెక్కపెట్టాను. నాలుగు గంటలూ దొరికితే వాళ్ళు ఎండ నడినెత్తికి వచ్చాక గాని తిరిగిరారు. ఎండ వాలుగా ఉండగానే వచ్చారంటే మంచం దొరకలేదన్నమాట. ప్రతి బండి చప్పుడుకూ భయపడ్డాను. ఒక మేక వచ్చి నన్ను వాసన చూసి, మొహం తిప్పుకుని పోయింది. ఎండ వాలుగానే ఉంది, వాళ్ళు రాలేదు. ఎండ సగానికి వచ్చింది, రాలేదు. అప్పుడు ఇంకో భయం పట్టుకుంది. అసలు రాకపోతే?

ఎండ నెత్తిమీదికి వచ్చి కొంచెం అవతలికి దిగాక, దూరంగా ఆ గర్జన వినబడింది.

కారు ఆగింది. దమయంతి తనే తలుపు తీసుకుని దిగింది. నీరసంగా ఉంది గాని, ఊపిరి సాఫీగా ఉంది. వంగి నన్ను రెండు చేతులా ఎత్తి, మూతిలోంచి లోపలికి చూసింది. అవతలి వెలుతురు కనబడలేదు.

"ఇదేనేటి?"

"అదే అప్పా," అన్నాడు కూర్మారావు. "లోపల గూడు పొడిసీసి, ఉత్త డబ్బా బిగించీమంటావా? బండి పరుగెడతాది. ఎవులికీ తెల్దు. పొగ మాత్రం అలగే బయటికెల్తాది."

"కొత్తది దొరకదా?"

"దొరుకుతాది. విశాఖ నుంచి రావాల."

దమయంతి నన్ను కిందికి దించలేదు. "నాకు కొత్తది పెట్టరు బాబూ. దీనికి పెడతారంతన్నావు కదా. పెట్టీ."

దండాసి ముఖం అటు తిప్పుకుని, అవసరం లేకపోయినా టైరును కాలితో తన్ని చూశాడు.

ఇప్పుడు నేను కూర్మారావు షెడ్డులో, పాత సైలెన్సర్ల మధ్య ఉన్నాను. నా లోపలి పూత కోసం ఎవరో వచ్చి కొనుక్కుపోతారట. ఆ కారుకు కొత్త జల్లెడ వచ్చింది, కూర్మారావు గట్టిగా చెప్పాక కొత్త బ్యాటరీ కూడా వచ్చింది. సోమవారం, గురువారం తెల్లవారి అది ఈ షెడ్డు ముందు రోడ్డు మీదే పోతుంది. ఎప్పుడు పోతుందో నాకు తెలియదు. బాగున్న కారు చప్పుడు మిగతా కార్ల చప్పుడులో కలిసిపోతుంది. అందుకే ఆ రెండు పొద్దులూ నేను వింటూ ఉంటాను. ఏ బండీ దగ్గకుండా తెల్లారితే ఆమె పలాస వైపు దాటిపోయిందనుకుంటాను.