హాజరు మాత్రమే

హనుమయ్య బర్రె వెనక్కాలితో తన్నిన తన్నుకి డాక్టర్ రాజారత్నం కళ్ళజోడు ఎగిరి పేడకుప్పలో పడింది.

"దీని దగ్గరికి పోవడం నావల్ల కాదయ్యా," అన్నాడాయన నాలుగడుగులు వెనక్కి వేసి. "నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి?"

"ఇయ్యాల పొద్దున్నే సార్," అన్నాడు హనుమయ్య తడుముకోకుండా.

"అయితే ఇంకా టైముంది. సాయంత్రం దాకా చూడండి. అదే ఈనుతుంది."

కొట్టం గుంజ పక్కన మాబున్నీసా ప్రాక్టికల్ పుస్తకాన్ని గుండెలకి అదిమిపెట్టుకుని నిలబడింది. పశువైద్య సహాయకుల కోర్సులో ఇరవై మంది మగపిల్లల మధ్య ఒకే ఒక్క ఆడపిల్ల. పది నెలల్లో పద్నాలుగు కేసులకి జీపెక్కింది. పద్నాలుగు పేజీల్లోనూ రాజారత్నం ఒకే మాట రాశాడు: 'హాజరు మాత్రమే'. ఒక్క కేసైనా సొంతచేత్తో చేసినట్టు సంతకం లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. పుస్తకం అప్పజెప్పాల్సింది రేపు. ఇదే ఆఖరి కేసు.

ఆమె తండ్రి ఖాదర్ వలి మాచర్లలో ఎద్దులకి నాడాలు కొడతాడు. ఆయన తాడేసి పడగొట్టిన ఎద్దుల కాళ్ళు పదేళ్ళప్పటి నుంచీ పట్టుకున్న చేతులు ఆమెవి. వాటికి డాక్టరుగారు ఇన్నాళ్ళూ అప్పగించిన పని వేడినీళ్ళ బకెట్టు మొయ్యడం.

ఇంటి తలుపు చాటున హనుమయ్య భార్య పున్నమ్మ అడ్డంగా తల ఊపుతోంది. మాబున్నీసా చూసింది. మేత, కుడితి, పేడ, పాలు అన్నీ ఆడవాళ్ళవే గానీ, డాక్టరొస్తే మాత్రం వాళ్ళు కొట్టంలోంచి తప్పుకోవాలి. ఆయనకి జవాబు చెప్పేది మగాడు. ఆ ఊళ్ళలో అదే రివాజు.

మాబున్నీసా తలుపు దగ్గరికి పోయింది. "ఏందత్తా?"

"పొద్దున్నంట పొద్దున! నిన్న పొద్దు నడినెత్తినుండంగా మొదలైనయ్. పడుకునేది, లేచేది, పొట్ట తన్నుకునేది. మాపటేళకి నొప్పులాగిపోయినయ్. నీళ్ళు చుక్క పడలా. మా ఆయన గురజాల నుంచి ఆఖరి బస్సుకొచ్చాడు. చెబితే, 'నీకేం తెలుసు, పడుకో' అన్నాడు."

నొప్పులొచ్చి ఆగిపోయాయి. ఉమ్మనీళ్ళు పడలేదు. అంటే గర్భసంచి మెలిపడింది. సాయంత్రం దాకా ఆగితే హనుమయ్యకి మిగిలేది తోలే.

"సార్, సంచి మెలిపడినట్టుంది. నొప్పులు నిన్న మధ్యాహ్నం నుంచి. పున్నమ్మత్త చెప్పింది."

"వంటింటి కబుర్లతో వైద్యం చేస్తావా? బకెట్టు జీపులో పెట్టు, పోదాం."

మాబున్నీసా బకెట్టు ఎత్తింది. జీపు వైపు పోలేదు. తెచ్చి బర్రె వెనక పెట్టి, గాజులు తీసి గుంజకి తగిలించింది.

"మామా, అత్త పుట్టింటికి పోతే నువ్వు పాలెట్టా పిండుతావ్?"

హనుమయ్య మొహం కందగడ్డయింది. సమాధానం తలుపు చాటు నుంచొచ్చింది. "నా చీర చుట్టుకుని!"

గోడవతల నిలబడి చూస్తున్న ఊరివాళ్ళు పగలబడి నవ్వారు.

"చీర లేకపోతే నిన్నే రానివ్వని బర్రె, ప్యాంటేసుకున్న డాక్టరుగార్ని రానిస్తదా? అత్తా, నువ్వు రా."

"ఏమే, లోపలుండు," అన్నాడు హనుమయ్య.

పున్నమ్మ గడప దాటింది. "బర్రె పోయినాక లోపల కూర్చుని ఏడుస్తాలే. ముందు తప్పుకో."

ఆమె చెయ్యి మెడ మీద పడగానే బర్రె కాలు నేలకానించింది. మాబున్నీసా సబ్బు రాసుకుని మోచేతి దాకా చెయ్యి పోనిచ్చింది. లోపల దారి కుడిపక్కకి పిండిన బట్టలా మెలితిరిగి ఉంది.

"ఏదన్నా అయితే నా పేరెత్తడానికి లేదు," అన్నాడు రాజారత్నం.

"మీరు హాజరు మాత్రమే సార్," అంది మాబున్నీసా.

తండ్రి వేసే ముడే వేసి, బర్రెని కుడిపక్కకి పడేసింది. లోపలి సంచి కదలకుండా పొట్ట మీద చెక్కపలక పెట్టి, దాని మీద హనుమయ్యని నిలబెట్టింది. గోడవతల నవ్వినవాళ్ళే వచ్చి కాళ్ళ తాళ్ళు పట్టుకున్నారు. ఒకసారి దొర్లించారు. మెలిక అట్టాగే ఉంది. రెండోసారీ అంతే. రాజారత్నం గడియారం చూసుకున్నాడు. మూడోసారి దొర్లించి చెయ్యి పెట్టేసరికి లోపల ఏదో జారి తెరుచుకుంది. నీళ్ళు భళ్ళున ఆమె చీరంతా తడిపేశాయి.

దూడ చచ్చి పుట్టింది. బర్రె మాత్రం కాసేపటికి లేచి నిలబడి, కుడితి గోళెంలో మూతి పెట్టింది.

"పెయ్యదూడ," అన్నాడు హనుమయ్య దాని పక్కన కూలబడి.

"రాత్రి నా మాట విన్నట్టయితే బతికేది," అంది పున్నమ్మ.

మాబున్నీసా పుస్తకం తెరిచి డాక్టరు ముందు పెట్టింది. ఆయన కలం అలవాటుగా 'హా' దాకా వెళ్ళింది. తడిచెయ్యి తెచ్చి ఆమె సరిగ్గా అక్కడే ఆనించింది. కాగితం మీద నెత్తురు మరకతో ఐదువేళ్ళూ పడ్డాయి.

"పేజీ పాడుచేశావు."

"రేపు ఆఫీసులో అడుగుతారు కదా సార్ ఇదేంటని. చెబుతాను. సాయంత్రం దాకా చూడమన్నది ఎవరో కూడా చెబుతాను."

కొట్టంలో అందరూ ఆయన్నే చూస్తున్నారు. రాజారత్నం 'హా' కొట్టేసి, 'స్వయంగా చేసింది' అని రాసి, సంతకం గీకి జీపు వైపు నడిచాడు.

అడుగున ఇంకో గీత మిగిలింది, పశువు యజమాని సంతకానిది. హనుమయ్య కలం కోసం చెయ్యి చాపాడు.

మాబున్నీసా పుస్తకాన్ని ఆయన ముందు నుంచి దాటించి పున్నమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

"నాకు రాయడం రాదే," అంది పున్నమ్మ.

"వేలుందిగా అత్తా."