చేను మధ్య డోరీన్ దారి

పంతొమ్మిదేళ్లుగా ప్రతి బుధవారం డోరీన్ ప్యూ అందరికంటే వెనకే నడిచింది. ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ కొండల్లో తిరిగే ఆ నడక బృందానికి ఆవిడ తోక. ఎవరూ తప్పిపోకుండా చూడడం, దాటిన గేట్లన్నీ మూయడం ఆవిడ పని. బడిలో ముప్ఫై ఏళ్లు వంట చేసి రిటైరైన మనిషికి అంతకంటే పెద్ద పని ఎవరిస్తారు? ముందు నడిచేది ఎప్పుడూ క్లైవ్. ఒకప్పుడు బ్యాంకు మేనేజరు. ఆ హోదా ఇంకా నెత్తి మీంచి దిగలేదు.

ఈ వారం క్లైవ్‌కి కంటి ఆపరేషనైంది, మ్యాపు చదవలేడు. "ఈ ఒక్కసారికి నువ్వు నడిపించు," అన్నాడు, దానం చేస్తున్నట్టు. సరిగ్గా నడిపిస్తే వచ్చే ఏడాది ముందు నడిచేవాళ్ల జాబితాలో క్లైవ్‌తో పాటు డోరీన్ పేరూ ఉంటుంది. దారి తప్పిందా, ఇక జన్మంతా తోకే. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు.

నాలుగు మైళ్లు బాగానే సాగింది. కంచె దాటడానికి వేసిన ఒక చెక్క మెట్టెక్కి దిగేసరికి ఎదురుగా మనిషికంటే ఎత్తున మొక్కజొన్న. మ్యాపులో కాలిబాట చేను మధ్యలోంచే పోతోంది. రైతు దాని మీదే విత్తేశాడు.

"చుట్టూ తిరిగి పోదాం," అన్నాడు క్లైవ్.

"చుట్టూ తిరిగితే మధ్యాహ్నం రెండు దాటుతుంది, మనం భోంచేసే పబ్బులో వంటిల్లు మూసేస్తారు. అయినా చట్టప్రకారం ఇది అందరి దారి. మనమే తప్పుకుంటే రేపు ఇక్కడ దారుందని ఎవరు నమ్ముతారు?"

"ఇది నీ బడి వంటిల్లు కాదమ్మా, డోరీన్."

"తెలుసు. అక్కడైతే నిన్ను ఇంతసేపు మాట్లాడనిచ్చేదాన్ని కాదు. వరసగా రండి."

పదమూడు మంది వెనకే దూరారు. ఆకులు మొహాన కొడుతున్నాయి. ఆకాశం తప్ప ఏమీ కనబడదు. ఎడమపక్క మొక్కలు పలచగా ఉన్నాయి, కాళ్లు అటే లాగుతున్నాయి. ఆవిడ మాత్రం దిక్సూచి ముల్లు మీంచి కన్ను తీయలేదు.

"తప్పిపోయాం, నేను చెప్తూనే ఉన్నా!" వెనకనుంచి క్లైవ్ గొంతు.

డోరీన్ ఆగలేదు. ఇంకో ఇరవై అడుగులు వేసేసరికి చేతికి కర్ర తగిలింది. అవతలి కంచె మెట్టు, సరిగ్గా అదే!

పబ్బు గుమ్మం దగ్గర బూట్లు విప్పి, మేజోళ్లతో లోపలికెళ్లారు. పొద్దున్న ఫోనులో చెప్పి ఉంచిన చేప, చిప్స్ వేడివేడిగా వచ్చాయి. రెండు ముద్దలు తిన్నారో లేదో, రైతు టెడ్ బెబ్ తలుపు తోసుకుని వచ్చాడు.

"నా చేనులోంచి ఈ మందని తోలిందెవరు?" అని అలవాటుగా క్లైవ్ వైపు చూశాడు.

క్లైవ్ గ్లాసు కింద పెట్టాడు. "నేను కాదు. ఆవిడ. మా లీడరు."

ఆ మాట వినగానే డోరీన్‌కి ఒళ్లంతా పులకరించింది. మేజోళ్లతోనే లేచి నిలబడింది. "నేనే. దారి దున్నేసింది మీరు."

టెడ్ తల గోక్కున్నాడు. "దున్నాక అది ఎటుపోయిందో నాకే తెలియలేదు. ఇందాక కొండ మీంచి చూశా. మీరు తొక్కిన జాడ ఈ మెట్టు నుంచి ఆ మెట్టుకి దారం పట్టి లాగినట్టుంది! రేపొచ్చి దగ్గరుండి చూపిస్తే దారి మేర మొక్కలు కోసేస్తానమ్మా."

"రేపు కుదరదు. మేం తొక్కిందే గుర్తు. వచ్చే బుధవారం మళ్లీ వీళ్లందర్నీ అటే తీసుకొస్తాను. ఈలోగా కోసి ఉంచండి."

"సరే, లీడరమ్మా," అన్నాడు టెడ్.