విశ్రాంతి రిజిస్టరు

"విశ్రాంతి రోజున యూనిఫారం వేసుకుని జంక్షన్లో ఈయనకేం పనమ్మా?"

ఆసుపత్రి బిల్లుల కౌంటర్లో గుమాస్తా ఆ మాట అని రెండు గంటలు దాటింది. పోలీసు సంఘం కార్యదర్శి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చేసరికి, వార్డులో ఉన్న కానిస్టేబుల్ భార్య ఇంకా ఆ కౌంటరు పక్కనే గోడకి ఆనుకుని ఉంది. ఎదురుగా బల్ల ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ఆమె చేతిలో గుమాస్తా తిప్పి ఇచ్చేసిన దరఖాస్తు ఉంది. దాని మీద ఎర్ర సిరాతో, 'ప్రమాదం జరిగిన రోజు వీక్లీ ఆఫ్. డ్యూటీలో లేరు' అని రాసి ఉంది.

"ఆయనకి వీక్లీ ఆఫ్ అనేది ఒకటుందని నాకు ఇవాళే తెలిసిందన్నయ్యా," అంది ఆమె. "పదహారేళ్ళ కాపురంలో ఏ ఆదివారం ఇంట్లో ఉన్నాడో చెప్పమంటే చెప్పలేను. మొన్న పొద్దున ఐదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని నా కళ్ళముందే వెళ్ళాడు. వీళ్ళేమో డ్యూటీలో లేడంటున్నారు. మరి ఎందుకెళ్ళినట్టు? లారీల దగ్గర చెయ్యి చాపడానికనేగా వాళ్ళ ఉద్దేశం?"

కార్యదర్శి హెడ్ కానిస్టేబుల్. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. స్టేషన్లో అతన్ని అర్జీల హెడ్డు అంటారు. క్వార్టర్సులో కుళాయి కారితే అర్జీ, అందరికీ తొమ్మిదో నంబరు బూట్లే వస్తే అర్జీ, ఆడ కానిస్టేబుళ్ళ మరుగుదొడ్డికి తలుపు లేకపోతే అర్జీ. ఆ తలుపు మూడో అర్జీకి వచ్చింది. గడియ ఇంకా రావాలి. రోజుకి పాతిక ఫోన్లు ఎత్తుతాడు, ఎవరినీ విసుక్కోడు. ఇప్పుడు మాత్రం ఏదో ఒకటి అనాలి కాబట్టి సంఘం ఎప్పుడూ అనేదే అన్నాడు.

"నువ్వు కంగారు పడకమ్మా. సంఘం తరఫున అందరం తలా ఒక రోజు జీతం వేసుకుంటాం."

"చందా వద్దన్నయ్యా. డ్యూటీలో ఉన్నాడని ఒక్క ముక్క రాసివ్వండి. మిగతాది మేం పడతాం."

అడిగింది ఒక్క ముక్కే. కానీ ఆ ముక్క మీదే ఆ ఇల్లు నిలబడి ఉంది. డ్యూటీలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చంతా శాఖే భరిస్తుంది, లేచి నడిచేదాకా పూర్తి జీతం ఇస్తుంది. డ్యూటీలో లేడంటే రెండూ ఉండవు. అతనికి మిగిలిన సెలవులు పదకొండు రోజులు. కాలు నేలకి ఆనాలంటేనే ఐదు నెలలు పడుతుందని డాక్టరు చెప్పాడు.

వార్డులో కానిస్టేబుల్ మెలకువగానే ఉన్నాడు. అందరూ అతన్ని పొడుగాయన అంటారు. శాఖ ఇచ్చే యూనిఫారం గుడ్డ అతనికి ఏనాడూ చాలలేదు, అర మీటరు ఎక్కువ ఇమ్మని కూడా కార్యదర్శి ఓ అర్జీ పెట్టాడు. ఆదివారం ఉదయం జంక్షన్లో వెనక్కి వస్తున్న నీళ్ళ ట్యాంకరు అతన్ని గుద్దింది. కుడి తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. సోమవారం తెల్లవారగానే ఆపరేషను చేసి లోపల కడ్డీ వేశారు. బాగున్న ఎడమ పాదం మంచం చివర బయటికి వచ్చి ఉంది.

"అన్నా, మంచం కూడా పొట్టిదే ఇచ్చారు. ఒక అర్జీ పడెయ్," అన్నాడు పొడుగాయన.

కార్యదర్శి నవ్వాడు. పొడుగాయన నవ్వలేదు. గొంతు తగ్గించి అడిగాడు.

"నేను డ్యూటీలోనే ఉన్నా కదన్నా?"

మనిషి తను ఎక్కడున్నాడో తనే ఇంకొకర్ని అడిగి తెలుసుకోవాల్సి వస్తోంది. "ఉన్నావురా," అని కార్యదర్శి భుజం తట్టి గబగబా బయటికి వచ్చేశాడు.

దారిలో మూడు ఫోన్లు వచ్చాయి. ఒకరికి బదిలీ, ఒకరికి ఇంటి అద్దె రసీదు, మూడో మనిషికి ఏం కావాలో కార్యదర్శి బుర్రకి ఎక్కనే లేదు. స్కూటరు స్టేషన్ ముందు ఆపి నేరుగా రైటరు గదిలోకి వెళ్ళాడు. స్టేషన్ రాతకోతలన్నీ చూసే ఆ కానిస్టేబుల్‌ని అందరూ రైటరమ్మ అంటారు. పాతికేళ్ళుంటాయి, దస్తూరి ముత్యాల్లా ఉంటుంది, మాట మాత్రం తక్కువ. అతను అడగకముందే రిజిస్టరు తీసి తిప్పి పెట్టింది.

"చూడండి సార్. ఏడో తారీకు ఆదివారం, విశ్రాంతికి వెళ్ళాను అని సంతకం. ఎనిమిదో తారీకు సోమవారం ఉదయం ఆరింటికి, విశ్రాంతి ముగించుకుని ఆరోగ్యంగా డ్యూటీకి హాజరయ్యాను అని సంతకం. ఆ టైముకి ఆయన్ని ఆపరేషను గదిలోకి తీసుకెళ్తున్నారు."

కింద ఇంకా ఉన్నాయి. పద్నాలుగున వెళ్ళాడు, పదిహేనున వచ్చాడు. ఇరవై ఒకటిన వెళ్ళాడు, ఇరవై రెండున వచ్చాడు. ఇరవై ఎనిమిదిన వెళ్ళాడు, ఇరవై తొమ్మిదిన ఆరోగ్యంగా వచ్చాడు. ఇవాళ తొమ్మిదో తారీకు.

"ఆదివారం డ్యూటీ వేసినట్టు వేరే కాగితం ఏదీ లేదా?"

"ఎక్కడుంటుంది సార్? నల్లబల్ల మీద రాశాను. సాయంత్రం తుడిచేశాను. ప్రమాదం కేసులో కూడా ఆయన్ని 'పాదచారి' అని రాయించారు."

ఆ స్టేషన్లో ఎవరు ఎక్కడ నిలబడాలన్నది రోల్‌కాల్ గదిలో నల్లబల్ల మీద సుద్దతో రాస్తారు. పొద్దుగూకేసరికి తడిగుడ్డతో తుడిచేస్తారు. కాగితం మీద నిలిచేది విశ్రాంతి రిజిస్టరు ఒక్కటే.

మూడేళ్ళ కిందట వారానికో రోజు సెలవు కోసం సంఘం నల్లబ్యాడ్జీలు పెట్టుకుంది. ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వుకి అద్దం కట్టించి సంఘం గదిలో తగిలించారు. డెబ్బై ఒక్క మంది ఉండాల్సిన స్టేషన్లో ఉన్నది నలభై ఆరుగురు, ఆఫ్ ఇస్తే రోడ్డు మీద ఎవరు నిలబడతారని అధికారులు తల పట్టుకున్నారు. అప్పుడు మధ్యేమార్గం ఒకటి కుదిరింది. రిజిస్టరులో ఆఫ్ ఇస్తారు, మనిషి మాత్రం వస్తాడు. కుర్రాళ్ళు గొడవ చేస్తే సర్దిచెప్పింది ఈ కార్యదర్శే. "ముందు కాగితం మీదకి రానివ్వండ్రా. తర్వాత అదే మన ఒంటి మీదకి వస్తుంది," అన్నాడు. నమ్మే అన్నాడు. మూడేళ్ళయినా రాలేదు. వారం వారం సంతకాలెందుకని ఒకటో తారీకునే నెలకి సరిపడా పెట్టేయడం అలవాటైంది. పొడుగాయన సంతకాలు చేస్తూ, "ఈ నెల నాలుగు రోజులు హాయిగా పడుకున్నాన్రా," అనేవాడు. అందరూ నవ్వేవారు. అందరికంటే గట్టిగా నవ్వింది తనేనని ఇప్పుడు కార్యదర్శికి గుర్తొచ్చింది.

ఇన్‌స్పెక్టర్ పిలుస్తున్నాడని కబురొచ్చింది. ఇన్‌స్పెక్టర్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. టేబుల్ మీద బి.పి. మాత్రలు, పక్కన చల్లారిపోయిన టీ. చెడ్డవాడేం కాదు. అదే ఇబ్బంది, చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు.

"కూర్చోవయ్యా సెక్రటరీ. రేపు పదింటికి ఆ రిజిస్టరు పైకి పంపాలి. ఆసుపత్రి నుంచి అడిగారట. నీ పొడుగాయన ఇరవై తొమ్మిదో తారీకున కూడా డ్యూటీకొచ్చేశాడు, చూశావా?"

"చూశాను సార్."

"కొత్త పుస్తకం తెప్పించాను. రేపు రోల్‌కాల్లో అందరూ ఇవాళ్టి దాకా మాత్రమే సంతకాలు పెడతారు. ఆ తర్వాత నువ్వు ఆసుపత్రికి పట్టుకెళ్ళి పొడుగాయన చేత ఏడో తారీకుది ఒక్కటే పెట్టించు."

"ఆ రోజు విశ్రాంతిలో ఉన్నానని వాడి చేతే మళ్ళీ పెట్టించమంటారా?"

"మరెవరి చేత పెట్టించమంటావు?"

"డ్యూటీలో ఉన్నాడని రాస్తే ఏమవుతుంది సార్?"

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆఫ్ రోజున డ్యూటీ ఎందుకేశావంటారు. ఆ రోజు ఇవ్వలేదంటే మిగతా రోజులైనా ఇచ్చావా అంటారు. నూటికి నూరు శాతం ఇస్తున్నామని నెలనెలా నేను రాసి పంపుతున్నాను, నా ముందువాళ్ళూ పంపారు. దాని కింద 'సంఘం ధ్రువీకరించింది' అని సంతకం ఎవరిదయ్యా?"

"నాదే సార్."

"దొంగ సంతకాలు పెట్టినందుకు నలభై ఆరుగురికీ మెమోలొస్తాయి. ముందు పోయేది నీ ఉద్యోగం. ఒక్కడి కోసం ఇంతమందిని ముంచుతావా? చందా వేద్దాం. మొదట నా నెల జీతం రాసుకో."

మంచి మాటే. ఉదయం తను అన్న మాటే. ఇంకొకరి నోటివెంట వింటే ఎంత రోతగా ఉందో అని కార్యదర్శి అనుకున్నాడు. "అలాగే సార్," అని లేచాడు. ఇరవై ఆరేళ్ళ అలవాటు అది, నోరు తనంతట తనే అనేసింది.

సంఘం గది సైకిల్ షెడ్డు పక్కన ఉంటుంది. రేకుల కప్పు, రెండు కుర్చీలు, గోడకి ఆ అద్దం కట్టిన ఉత్తర్వు. కార్యదర్శి కూర్చోలేకపోయాడు. గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి ఎనిమిది అడుగులు, అటూ ఇటూ తిరిగాడు. పెన్ను తీశాడు, మూత పెట్టాడు. నలభై ఆరు ఇళ్ళు కళ్ళముందు కదిలాయి, అందులో తనదీ ఉంది. కూతురు చివరి సంవత్సరం చదువుతోంది. భయం వేసింది. పొడుగాయన చేతికి పెన్ను ఇచ్చి, ఇదిగో ఇక్కడ పెట్టరా అని వేలితో చూపించడం ఊహించుకున్నాడు. ఆ భయం కంటే ఈ సిగ్గే ఎక్కువగా ఉంది.

కాగితం తీసి అలవాటుగా 'సవినయంగా మనవి' అని మొదలుపెట్టాడు. చించేశాడు. రెండోదానిలో 'తమరి దయ' వచ్చింది. అదీ చించాడు. చేయి తిరిగిన అర్జీల హెడ్డు ఆ సాయంత్రం ఐదు కాగితాలు పాడుచేశాడు. ఆరోది ఏడు వాక్యాల్లో అయిపోయింది. చదువుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఎవరికైనా ఇస్తానో లేదో ఆ క్షణానికి అతనికే తెలియదు.

బుధవారం ఉదయం ఆరింటికి రోల్‌కాల్ గది నిండింది. పొడుగాయన నిలబడే చోట ఖాళీ ఉంచమని ఎవరూ చెప్పకపోయినా ఖాళీగానే వదిలారు. రైటరమ్మ కొత్త రిజిస్టరు తెచ్చి టేబుల్ మీద పరిచింది. జిగురు వాసన ఇంకా పోలేదు.

"సెక్రటరీ ముందు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

కార్యదర్శి ముందుకి వచ్చాడు. పెన్ను అందుకున్నాడు. వెనకాల నలభై మంది చూపులు వీపు మీద ఉన్నాయి. అతను ఎక్కడ పెడితే వాళ్ళూ అక్కడే పెడతారు. మూడేళ్ళుగా అంతే.

"రైటరమ్మా, ఇవాళ ఆఫ్ ఎవరెవరిది?"

ఆమె పుస్తకం చూడకుండానే చెప్పింది. "బుధవారం సార్. మీతో కలిపి ఏడుగురు."

కార్యదర్శి పెన్ను టేబుల్ మీద పెట్టేశాడు.

"అయితే నేను సంతకం పెట్టలేను సార్. నేనిక్కడ లేను, ఇంట్లో పడుకుని ఉన్నాను. పుస్తకంలో అలాగే ఉంది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఇన్‌స్పెక్టర్ ముఖం గట్టిపడింది. "వేళాకోళంగా ఉందా?"

"మూడేళ్ళు చేసింది వేళాకోళం సార్. పొడుగాయన ఆదివారం డ్యూటీలో ఉన్నాడు. బల్ల మీద వాడి నంబరు నేను చూశాను, ఇక్కడున్న అందరూ చూశారు. అదే రాశాను." జేబులోంచి కాగితం తీసి కొత్త రిజిస్టరు మీద పెట్టాడు. "నెలనెలా అబద్ధానికి సంతకం పెట్టింది నేనేనని కూడా రాశాను. వీళ్ళని ఒప్పించింది కూడా నేనే. దీని నకలు పైకి నేనే తీసుకెళ్తాను. ఇవాళ ఖాళీయే కదా."

"ఉద్యోగం పోతుంది, తెలుసా?"

"తెలుసు సార్."

అతను వరసలోకి తిరిగి వెళ్ళలేదు. పక్కకి జరిగి గోడ వారగా నిలబడ్డాడు. ఎవరూ కదల్లేదు. అప్పుడు జీపు డ్రైవరు, వచ్చే ఏడాది రిటైరయ్యేవాడు, టోపీ తీసి చంకలో పెట్టుకుని, "నాది కూడా బుధవారమే," అని గొణుక్కుంటూ వచ్చి గోడ పక్కన చేరాడు. తర్వాత గస్తీ సైకిలాయన వచ్చాడు. నాలుగో మనిషి ఒక అడుగు బయటికి వేసి, ఇన్‌స్పెక్టర్ వైపు చూసి అక్కడే ఆగిపోయాడు.

"రైటర్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "టైమైంది. బల్ల మీద డ్యూటీలు రాయి."

రైటరమ్మ సుద్దముక్క తీసుకుంది. పైన తారీకు వేసింది. దాని కింద ఆ ముత్యాల దస్తూరిలో 'వీక్లీ ఆఫ్' అని రాసింది. ఆ మాట ఆ బల్ల మీదికి ఎక్కడం అదే మొదటిసారి. కార్యదర్శి నంబరు వేసింది, డ్రైవరు నంబరు, సైకిలాయన నంబరు వేసింది. అడుగు వేసి ఆగినవాడి నంబరు కూడా వేసింది. ఒక క్షణం ఆగి ఐదో వరసలో తన నంబరు రాసుకుంది.

సుద్ద కింద పెట్టి పక్కకి జరిగింది. బల్ల అంచున మేకుకి తడిగుడ్డ వేలాడుతోంది. ఇన్‌స్పెక్టర్ దానికేసి చూశాడు. గదిలో అందరూ దానికేసే చూస్తున్నారు.