ఎడమచేతి మేడం గారు

ముందు విజిటింగ్ కార్డులు వచ్చాయి. వ్యాపారం సంగతి తర్వాత. కార్డు మీద పేరు కింద సీఈవో అని బంగారు రంగు అక్షరాలతో అచ్చు వేయించుకున్నాడాయన. ఆ పెట్టె ఇంటికొచ్చిన రోజు నుంచీ వీధి వీధంతా ఆయన్ని సీఈవో గారనే పిలవడం మొదలుపెట్టింది. వెక్కిరింతని వెక్కిరింతగా గుర్తుపట్టే అలవాటు ఆయనకి లేదు. అలా పిలిచిన ప్రతివాడి చేతిలో ఓ కార్డు పెట్టేవాడు.

అసలు ఆయన వడ్రంగి. మంచి వడ్రంగి. పని చేస్తున్న ఫర్నిచర్ కార్ఖానా మూతపడ్డాక ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, తల్లినీ భార్యనీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఇక ఒకడి కింద పనిచేసేది లేదు. చెక్క గరిటెలు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతాను" అన్నాడు. భార్యకి ఆ మాట నచ్చింది. ఆమె కళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చుంటుంది. ఆ జీతంతో ఇల్లు ఎలాగోలా నడుస్తుంది. ఈలోపు ఆయన తన కాళ్ళ మీద తను నిలబడితే అంతకంటే ఏం కావాలి అనుకుంది.

అయితే ఆయన నిలబడలేదు. కూర్చున్నాడు. కంప్యూటర్ ముందు కూర్చుని కలల్ని కార్యరూపంలోకి తేవడం ఎలా అనే క్లాసు చూశాడు. అది అయిపోయాక దాని రెండో భాగం చూశాడు. గోడకి పెద్ద అట్ట అంటించి, దాని మీద గళ్ళు గీసి, ఒక గడిలోంచి ఇంకో గడిలోకి బాణాలు వేశాడు. వెబ్‌సైట్ తయారైంది. అందులో గరిటెల బొమ్మలు పెట్టాడు, అవీ కంప్యూటర్లో గీసినవే. 'మా కథ' అనే పేజీలో తన గురించి తనే ఎంత రాసుకున్నాడంటే, చదివి ముగించేసరికి పొయ్యి మీద కూర మాడిపోవడం ఖాయం.

"బాణాలైతే బాగానే వేశాడు గానీ, ఎవరి మీదకో నాకు తెలీడం లేదమ్మాయ్" అంది అత్తగారు ఓ సాయంత్రం ఆ అట్టకేసి చూస్తూ.

ఇంతకీ ఇన్నాళ్ళలో ఆయన చెయ్యనిది ఒక్కటే. గరిటె.

కోడలి బాధ వేరే. ఓ రోజు ఆయన చేతికి మంచినీళ్ళ గ్లాసు ఇస్తుంటే ఆ అరచెయ్యి తగిలింది. మెత్తగా ఉంది. ఒకప్పుడు ఆ చేతులు ఉప్పుకాగితంలా గరగరలాడేవి. తలుపుని నిమిరి దాని తప్పేమిటో చెప్పే మనిషి ఆయన. ఆ మనిషిని చూసే ఆమె ఇష్టపడింది. ఆ చేతులు అలా మెత్తబడిపోతే ఇక మిగిలేది మాటలు చెప్పే మొగుడే. మాటలు చెప్పేవాళ్ళని ఆమె రోజూ కౌంటర్లో బోలెడుమందిని చూస్తూనే ఉంది. నిజంగా భయం వేసిందామెకి.

చెప్పి చూసింది. ఆమె మాట ఆయన చెవిన పెడితేగా. లోగోలో గరిటె బొమ్మ కుడివైపు వంగాలా ఎడమవైపు వంగాలా అని ఆయన తల పట్టుకు కూర్చున్న రోజుల్లో ఓ పొద్దున, పొయ్యి దగ్గరున్న మనిషిని "ఓసారి ఇటు రా, అర్జంటు" అని కేకేశాడు. ఆ కంగారులో ఆమె మణికట్టు కాగుతున్న గిన్నె అంచుకి తగిలి చుర్రుమంది. చెయ్యి ఊదుకుంటూ వచ్చి చూసి, "ఎడమవైపు బాగుందండి" అంది.

"ఎడమవైపు పెడితే పడిపోతున్నట్టుంది. నీకు బిజినెస్ తెలీదులే" అన్నాడాయన.

"అది తర్వాత చూద్దురుగానీ, నా గరిటె సంగతేం చేశారు?"

ఆ గరిటెకి ఓ కథ ఉంది. ఆమెది ఎడమచేతి వాటం. బజార్లో దొరికే చెక్క గరిటెలకి కొసన ఒక పక్కకే వాలు ఉంటుంది. కుడిచేత్తో కలిపేవాళ్ళకి ఆ వాలు గిన్నె అడుగుకి చక్కగా ఆనుతుంది. ఎడమచేత్తో పట్టుకుంటే అది గాలిలో ఉండిపోతుంది, అడుగున కూర అడుగునే అంటుకుపోతుంది. వాలు రెండో పక్కకి తిప్పి ఒక్క గరిటె చేసిపెట్టమని ఆమె పెళ్ళయిన కొత్తలో అడిగింది. ఆ తర్వాత కూడా అడుగుతూనే ఉంది. ఆయన ఒక్కసారి కూడా కాదనలేదు. కాదంటే పోట్లాడొచ్చు. ఆయన ప్రతిసారీ "చేస్తాలే" అన్నాడు.

ఇక మాటలతో లాభం లేదనుకుంది. మర్నాడు భోజనాల వేళ, డాక్టరు గారి కౌంటర్లోనే కూర్చుని, కొత్త ఈమెయిల్ ఒకటి తెరిచి, ఊళ్ళో లేని ఓ పేరు పెట్టుకుని, మొగుడి వెబ్‌సైట్లో ఒక గరిటెకి ఆర్డరు పెట్టింది. చిరునామా తమ పక్క వీధిలో బ్యూటీ పార్లర్ నడిపే స్నేహితురాలిది. కింద ఓ ముక్క రాసింది: "నాది ఎడమచేతి వాటం. వాలు ఎడమచేతికి తగినట్టు చెయ్యగలరా? తొందర లేదు, వారంలో వస్తే చాలు."

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి ఇల్లు ఇల్లులా లేదు. ఆయన కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఆర్డరొచ్చింది" అన్నాడు. ఆ మొహంలో సంతోషం కంటే గాభరా ఎక్కువుంది. "నా ఉలి ఏది?"

"నన్నడుగుతారేంటి? నాకు బిజినెస్ తెలీదుగా."

ఉలి అటక మీద దొరికింది, తుప్పు పట్టి. రంపం బీరువా వెనకాల ఉంది. సానరాయిని అత్తగారు పెరటి తలుపుకి అడ్డం పెట్టుకుంది. అదిచ్చేయమంటే తలుపు కొట్టుకుంటుందని ఆవిడ ఓ పట్టాన ఒప్పుకోలేదు. ఎలాగైతేనేం, ఆయన ఉలి నూరాడు, చెక్క కోశాడు, మొదటిది విరగ్గొట్టాడు, రెండోదానికి వాలు కుడిచేతి వాళ్ళకి పెట్టి నాలుక్కరుచుకున్నాడు, మూడోది చేశాడు. ఉప్పుకాగితం పెట్టి రుద్దుతూ, కళ్ళు మూసుకుని అంచుని వేలితో తడిమి చూసుకున్నాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న భార్యకి కళ్ళు చెమర్చాయి. పాత మనిషి తిరిగొచ్చాడు.

ఆ సంతోషం వెనకాలే ఇంకోటి వచ్చింది. ఇన్నేళ్ళుగా నేనడిగితే లేని తీరిక, ముక్కూ మొహం తెలియని మనిషికి ఒక్క ముక్క రాయగానే ఎక్కణ్ణుంచొచ్చింది? ఒళ్ళు మండిపోయింది.

పార్సెల్ పార్లర్‌కి చేరింది. గరిటె అద్భుతంగా ఉంది. ఎడమచేతిలో పెట్టుకుంటే చెయ్యి పొడుగు పెరిగినట్టుంది. కానీ ఏం లాభం? ఇంటికి తీసుకెళితే గుట్టు బయటపడుతుంది. పార్లర్ ఆవిడ గోరింట పొడి కలుపుకోవడానికి అది చక్కగా పనికొచ్చింది.

మొదటి కస్టమర్‌ని ఆయన నెత్తిన పెట్టుకున్నాడు. మేడం గారూ, గరిటె ఎలా ఉందో, సైటు ఎలా ఉందో, దయచేసి మీ అభిప్రాయం తెలియజేయండి అని రాశాడు. భార్య తెలియజేసింది. కౌంటర్లో కూర్చుని రోగులతో మాట్లాడీ మాట్లాడీ ఆమెకి మర్యాద బాగా అబ్బింది. ఇంట్లో వెయ్యిసార్లు చెప్పినవే 'అన్యథా భావించరని ఆశిస్తూ' అని మొదలుపెట్టి రాసింది. 'మా కథ' పేజీ చాలా పొడుగుంది. బొమ్మలు తీసేసి నిజం గరిటెల ఫొటోలు పెట్టండి. లోగోలో గరిటె ఎడమవైపు వంగితే బాగుంటుంది.

ఆయన ఆ ఉత్తరాన్ని భోజనాల దగ్గర చదివి వినిపించాడు.

"చూశావా? చదువుకున్నవాళ్ళ ఆలోచనే వేరు. ఎడమవైపుట. నాకెందుకు తట్టలేదో."

"ఎవరూ చెప్పలేదేమో పాపం" అంది భార్య మజ్జిగ వంచుతూ. అత్తగారు కోడలి మొహంలోకి ఒక్క క్షణం చూసి, తల దించుకుని తినసాగింది.

గోడ మీది అట్ట ఊడి కిందపడితే దాన్ని మళ్ళీ అంటించే తీరిక ఆయనకి లేకపోయింది. పార్లర్‌కి వచ్చేవాళ్ళు గోరింట కలిపే గరిటె చూసి ఇదెక్కడిదని అడగడం, వాళ్ళలో ఎడమచేతివాళ్ళు తమలాంటి ఇంకొందరికి చెప్పడం జరిగింది. ఎడమచేతివాళ్ళ కష్టం ఎడమచేతివాళ్ళకే తెలుస్తుంది. నిజమైన ఆర్డర్లు రాసాగాయి. ముందు గదిలో చెక్కపొట్టు కాళ్ళకింద కరకరలాడుతోంది. గ్లాసు ఇచ్చేటప్పుడు తగిలే అరచెయ్యి మళ్ళీ గరుకెక్కింది. ఆమె అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది.

ఆయన ఊరుకోనిస్తేనా? సైటు మొదటి పేజీలో పెట్టుకుంటాను, గరిటె పట్టుకున్న మీ చేతి ఫొటో పంపగలరా అని మేడం గారికి రాశాడు. పార్లర్లో, కిటికీ పక్కన, స్నేహితురాలు నవ్వాపుకుంటూ ఫొటో తీసింది. ఎడమచెయ్యి, దాని మీద కాలిన మచ్చ, చేతిలో గరిటె. పంపేముందు భార్య కాసేపు ఆలోచించింది. ఆ మచ్చ చూస్తే పోల్చేస్తాడు. పోలిస్తే పోల్చనీ అనుకుంది. నిజం చెప్పాలంటే, పోల్చాలనే కోరుకుంది.

ఆ సాయంత్రం ఆయన కంప్యూటర్ తెర నిండా ఆ చేతిని పెట్టుకుని భార్యని పిలిచాడు.

"చూడు. ఇదీ వంట తెలిసిన చెయ్యంటే. ఆ మచ్చ చూశావా? ఎంత పని చేసిన చెయ్యో."

ఆమె మంచినీళ్ళ గ్లాసు అందించింది. అదే చేత్తో. ఆయన తెర మీంచి చూపు తిప్పకుండానే గ్లాసు అందుకుని తాగి, ఖాళీ గ్లాసు తిరిగి ఆ చేతిలోనే పెట్టాడు.

ఆమె మేడం గారి తరఫున ఆఖరిసారిగా ఓ ఉత్తరం రాసింది. కొత్తరకం గరిటె ఏది చేసినా, ముందు మీ ఇంట్లో ఎడమచేతివాళ్ళకిచ్చి చూడండి, వాళ్ళకంటే బాగా ఎవరూ చెప్పలేరు అని. జవాబు వెంటనే వచ్చింది.

"మంచి సలహా మేడం. కానీ మా ఇంట్లో అలాంటివాళ్ళెవరూ లేరండి."

అబద్ధమాడాడనుకుంటే కోపం తెచ్చుకుని ఊరుకునేది. ఆయన అబద్ధమాడలేదు. మనస్ఫూర్తిగా రాశాడు. కౌంటర్లో ఆమె ఆ వాక్యం చదివి, ఎదురుగా నిలబడ్డ పెద్దాయన చీటీని తలకిందులుగా పట్టుకుని చదవబోయింది. అంత బాధ కలిగిందామెకి.

ఆ సాయంత్రం పార్లర్‌కి వెళ్ళి గరిటె కడిగి తెచ్చుకుంది. పొయ్యి మీద కూర పెట్టి, దాంతోనే కలపసాగింది. అడుగు బాగా అందుతోంది. గిన్నెకి చెక్క రాసుకునే ఆ చప్పుడు విని ముందు గదిలో ఉలి ఆగింది. తన పని చప్పుడు తనకి తెలియకుండా ఉంటుందా వడ్రంగికి. వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గరిటెని చూశాడు. చేతిని చూశాడు. చాలాసేపు చేతినే చూశాడు.

"ఇదెప్పుడు కాలింది?"

"మీరు లోగో చూడమని పిలిచినప్పుడు."

ఆయన మెల్లగా పీట మీద కూలబడ్డాడు. ఇప్పుడైనా తన గురించి ఓ మాట అంటాడని ఆమె ఎదురుచూసింది.

"అంటే నా మొదటి ఆర్డరు నిజం కాదన్నమాట" అన్నాడు.

ఆమె పొయ్యి కట్టేసింది. "ఆర్డరు నిజమే. గరిటె నిజమే. ఈ చెయ్యీ నిజమే. ఇంట్లో ఎడమచేతివాళ్ళు లేరన్నారు చూడండి, ఆ ఒక్కటే నిజం కాదు."

గదిలోంచి అత్తగారు నింపాదిగా అంది. "నాకు ఆ మొదటి ఉత్తరంతోనే తెలిసిందిరా. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో వింటున్న మాటలేగా అవన్నీ."

ఆయన లేచి ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. రంపం చప్పుడు లేదు, ఉలి చప్పుడు లేదు. తొందరపడ్డానేమో, ఇక పనిముట్లన్నీ మళ్ళీ అటకెక్కుతాయేమో అనుకుంది ఆమె. అయినా పిలవలేదు. ఇన్నేళ్ళూ పిలిచింది చాలు.

కాసేపటికి గుమ్మంలో మళ్ళీ నీడ పడింది. "కొత్తగా చేసిన పెద్ద గరిటె పిడి మరీ లావైందంటావా?" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

"నన్నెందుకండీ అడుగుతారు? రాసి అడగండి. అలాగైతేనే మీకు నా మాట వినిపిస్తుంది."

ఆయన ముందు గదిలోకి వెళ్ళాడు. ఆమె కూర దించి, గిన్నెలు సర్ది, చేతులు తుడుచుకుంటుంటే ఫోన్ మోగింది. కొత్త ఈమెయిల్.

"మేడం గారికి నమస్కారం. మొన్న పొరపాటు రాశాను. మా ఇంట్లో ఎడమచేతి వాటం మనిషి ఒకరున్నారండి. పక్కనే ఉండీ చూడలేకపోయాను. నేనడిగితే చెప్పడం లేదు, అందులో ఆవిడ తప్పేం లేదు. పెద్ద గరిటె పిడి లావైందేమో, దయచేసి మీరు ఆవిణ్ణి అడిగి చెప్పగలరా?"

ఆమె రెండుసార్లు చదువుకుంది. కొంగుతో కళ్ళొత్తుకుని ఫోన్ పక్కన పెట్టింది. కస్టమర్లు అడగ్గానే జవాబివ్వరు. గోడకావల రంపం చెక్క మీద ఆనిన చప్పుడు వినిపించేదాకా ఆగి, అప్పుడు రాసింది.

"అడిగానండి. లావేనట."